తాళంచెవి ఎవరి చేతిలో?

డబ్బు తీసుకుని ఇంట్లో చోటిచ్చిన వాళ్ళు, ఆ రాత్రికి ఆ ఇంట్లో పడుకున్న మనిషికి ఏం బాకీ పడతారు? ఫోటోలో చూపించిన గది, చెప్పిన ధర, శుభ్రమైన దుప్పటి, వేడినీళ్ళు. ఇంతేనా? ఇంతకుమించి ఏమైనా ఉంటే దాన్ని ఏ పేరుతో పిలవాలి?

ఈ ప్రశ్న ఇప్పుడు మన ఇళ్ళలోకి వచ్చేసింది. కాన్ఫరెన్సులకి, పుస్తక ప్రదర్శనలకి, పిల్లల కాన్పులకి అమెరికాకి, ఊరికే సముద్రం చూడడానికి, ఒంటరిగానో స్నేహితులతోనో వెళ్ళే స్త్రీలు చాలామంది హోటల్ బదులు ఎవరిదో ఇల్లు ఆన్‌లైన్లో బుక్ చేసుకుంటున్నారు. వంట చేసుకోవచ్చు, నలుగురం ఒకచోట ఉండొచ్చు, ఖర్చు కలిసొస్తుంది. 2008లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఎయిర్‌బీఎన్‌బీ లాంటి కంపెనీలు ఈ వ్యాపారాన్ని ప్రపంచమంతా పరిచాయి. ఆ కంపెనీలు ఇల్లిచ్చే వాళ్ళని హోస్ట్ అంటాయి, అద్దెకి దిగేవాళ్ళని గెస్ట్ అంటాయి. యజమాని, కిరాయిదారు అనవు. ఎందుకంటే వాళ్ళు అమ్ముతున్నది గోడలూ పైకప్పూ మాత్రమే కాదు, ఆతిథ్యం అనే పాత మాటలో ఉన్న నమ్మకాన్ని కూడా. కాబట్టి ఆ మాట చరిత్రని కాస్త తడిమి చూడాలి.

డబ్బు తీసుకుని ఇంట్లో అన్నం పెట్టడం మనకి కొత్త కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లుని వర్ణించిన క్రీడాభిరామంలో పూటకూళ్ళ ఇల్లు ఉంది, ఒక్క రూకకి దొరికే భోజనం ఉంది. గురజాడ కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ ఉంది. ఆమె విధవ. తన ఇంటినీ తన వంటనీ నమ్ముకుని బతుకుతుంది. సరుకులు కొనిపెడతానని ఆమె దగ్గర డబ్బు తీసుకున్న గిరీశం దాన్ని మరో చోట ఖర్చు పెట్టేస్తాడు. చీపురుకట్ట పట్టుకుని వెతుక్కుంటూ వచ్చిన పూటకూళ్ళమ్మని చూసి ఇప్పటికీ ప్రేక్షకులు నవ్వుతారు. ఆమె అడుగుతున్నది తన డబ్బు. మోసపోయింది ఆమె, నవ్వులపాలైందీ ఆమే. ఇంటి తలుపు పరాయివాళ్ళకి తెరిచిన ఆడదాని శీలం మీద ఊరికి ఎప్పుడూ అనుమానమే. ఇల్లు తెరిచిన మగవాడు మాత్రం దాత అవుతాడు, ధర్మాత్ముడవుతాడు.

లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) గురించి గోదావరి జిల్లాల్లో తెలియనివాళ్ళు లేరు. వేళకాని వేళలో వచ్చిన బాటసారికి కూడా వండి పెట్టిందని ఆమెని అన్నపూర్ణ అన్నారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆమె పేరు పెట్టింది. ఆమె పట్ల నాకున్న గౌరవం తక్కువది కాదు. కానీ అతిథిని దేవుడిగా చూడమన్న సంస్కృతి ఆ దేవుడికి నైవేద్యం ఎవరు వండాలో ఎప్పుడూ విడిగా చెప్పలేదు. చెప్పక్కర్లేదనుకుంది. ఆతిథ్యమిచ్చిన కీర్తి ఇంటి పేరుకి దక్కింది. పొయ్యి ముందు సెగ ఇంట్లో ఆడవాళ్ళకి దక్కింది. డబ్బు తీసుకోకుండా పెడితే అన్నపూర్ణ, తీసుకుని పెడితే పూటకూళ్ళమ్మ. పని మాత్రం ఒక్కటే.

పాశ్చాత్య తత్వశాస్త్రంలోనూ ఆతిథ్యం కథ ఇంతకంటే మెరుగ్గా లేదు. 1795లో శాశ్వత శాంతి గురించి రాసిన వ్యాసంలో కాంట్, పరాయి నేల మీద కాలు పెట్టిన మనిషిని శత్రువుగా చూడకూడదనీ అది దయ కాదు, ఆ మనిషి హక్కు అనీ అన్నాడు. అయితే ఈ హక్కు వచ్చి కనిపించడానికే, ఇంట్లో అతిథిగా ఉండడానికి కాదు, దానికి వేరే ఒప్పందం కావాలని కూడా అన్నాడు. రెండు వందల ఏళ్ళ తర్వాత డెరిడా ఆతిథ్యం మీద చేసిన ప్రసంగాలు 1997లో పుస్తకంగా వచ్చాయి. అందులో ఆయన బైబిలు పాత నిబంధనలోని రెండు కథల దగ్గర ఆగుతాడు. లోతు తన ఇంటికి వచ్చిన అతిథుల్ని మూక నుంచి కాపాడడానికి తన కూతుళ్ళిద్దర్నీ వాళ్ళకి ఇస్తానంటాడు. న్యాయాధిపతుల గ్రంథంలో గిబియా ఊళ్ళో ఒక ముసలాయన తన అతిథిని కాపాడుకోవాలనుకుంటాడు. చివరికి ఆ అతిథి వెంట వచ్చిన ఉపపత్నిని మూకకి వదిలేస్తారు, తెల్లారేసరికి ఆమె గడప మీద పడి ఉంటుంది. అతిథి మగవాడైనప్పుడు ఆతిథ్యధర్మం నిలబడింది. దాని ఖరీదు ఆడవాళ్ళు కట్టారు.

ఇప్పుడు అతిథి స్త్రీ అయితే ఏమవుతుంది? ఆ పాత కథల్లో దీనికి జవాబు లేదు. గడప దాటి ఒంటరిగా బసకి వచ్చే స్త్రీని ఆ ధర్మాలు ఊహించలేదు. అందుకే మనం ధర్మం దగ్గర కాకుండా చట్టం దగ్గర, ఒప్పందం దగ్గర మొదలుపెట్టాల్సి వస్తోంది.

అమెరికాలో పనిచేసిన న్యూజిలాండ్ తత్వవేత్త అనెట్ బేయర్ 1986లో నమ్మకం గురించి ఒక వ్యాసం రాసింది. నీతిశాస్త్రాన్ని ఎక్కువగా మగవాళ్ళే రాశారనీ, వాళ్ళు సమాన బలం ఉన్న ఇద్దరి మధ్య కుదిరే ఒప్పందాన్నే నమూనాగా తీసుకున్నారనీ ఆమె అభ్యంతరం. పసిబిడ్డకీ తల్లికీ, రోగికీ నర్సుకీ మధ్య ఉండేది ఒప్పందం కాదు. ఒకరు తమకి హాని చేయగల స్థానంలో మరొకరిని ఉంచి, హాని చేయరులే అనుకోవడం నమ్మకం. అంటే నమ్మినవాళ్ళు తమని తాము కొంత నిరాయుధుల్ని చేసుకుంటారు.

పరాయి ఇంట్లో నిద్రపోవడం కంటే నిరాయుధంగా ఉండే పని ఇంకేముంది? బట్టల షాపులో చీర కొన్నప్పుడు మోసపోతే డబ్బు పోతుంది. ఇంకొకరి ఇంట్లో ఒక రాత్రికి గది కొన్నప్పుడు మనం డబ్బుతోపాటు మన నిద్రనీ స్నానాన్నీ వాళ్ళ తాళానికి అప్పజెప్తాం. ఆ తాళానికి ఇంకెన్ని చెవులున్నాయో మనకి తెలియదు. న్యూయార్క్‌లో 2015 డిసెంబర్ 31 రాత్రి ఇలా అద్దెకి తీసుకున్న ఇంట్లో ఒక యువతి మీద అత్యాచారం జరిగింది. ఆ ఘటనలో అరెస్టయిన మనిషి దగ్గర ఆ ఇంటి తాళంచెవులు దొరికాయనీ, ఎయిర్‌బీఎన్‌బీ ఆమెకి 70 లక్షల డాలర్లు చెల్లించి, కంపెనీది బాధ్యత అనకూడదన్న షరతుతో రాజీ కుదుర్చుకుందనీ 2021 జూన్‌లో బ్లూంబర్గ్ బిజినెస్‌వీక్ రాసింది. పరిహారం ఇచ్చారు. దాంతోపాటు మౌనాన్ని కొనుక్కున్నారు. తర్వాత ఆ ఇళ్ళలో దిగబోయే స్త్రీలకి తెలియాల్సిన విషయం, ఒక స్త్రీకి దక్కిన న్యాయంలో భాగంగానే మూతబడింది.

కెమెరాల సంగతి ఇంకొకటి. ఎయిర్‌బీఎన్‌బీ ఇంటి లోపలి కెమెరాలని ప్రపంచమంతటా పూర్తిగా నిషేధించింది 2024 ఏప్రిల్ 30 నుంచి మాత్రమే. అంతకుముందు ముందుగా చెప్పి హాల్లో, నడవాల్లో పెట్టుకోవచ్చు. పదేళ్ళలో కెమెరాలూ రికార్డింగ్ పరికరాల గురించి తమ సహాయ విభాగంలో దాదాపు 35,000 ఫైళ్ళు తెరిచామని ఆ కంపెనీ ఉద్యోగి ఒక కేసులో వాంగ్మూలమిచ్చినట్టు 2024 జులైలో సీఎన్‌ఎన్ బయటపెట్టింది. ఒక ఫిర్యాదుకే ఒకటి కంటే ఎక్కువ ఫైళ్ళుండొచ్చని కంపెనీ అంది. ఉండొచ్చు. పదేళ్ళ తర్వాత కోర్టు వాంగ్మూలంలో తప్ప ఆ లెక్క మనకి తెలియలేదన్నదే నా బాధ.

ఫ్లోరిడాలో లాంగ్‌బోట్ కీ అనే చోట అద్దెకి దిగిన భార్యాభర్తలు తమని రహస్య కెమెరాలతో చిత్రీకరించారని కోర్టుకి వెళ్ళారు. కంపెనీ ఏమంది? మీరు ఖాతా తెరిచినప్పుడు షరతులకి ఒప్పుకున్నామని నొక్కారు, ఆ షరతుల్లో వివాదాలు మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలని ఉంది, కాబట్టి కోర్టు కుదరదు అంది. ఈ కేసు మధ్యవర్తి దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్నది కూడా మధ్యవర్తే తేల్చాలని 2022 మార్చిలో ఫ్లోరిడా సుప్రీంకోర్టు చెప్పింది. ఒక వేలు కదలిక. దాన్ని సమ్మతి అన్నారు. సమ్మతి అనే మాటతో స్త్రీలకి ఉన్న చరిత్ర చిన్నది కాదు. తలొంచుకుంటే సమ్మతి, మౌనంగా ఉంటే సమ్మతి, పెళ్ళి చేసుకుంటే జీవితాంతానికీ సమ్మతి. 1988లో వచ్చిన తన పుస్తకంలో కరోల్ పేట్‌మన్ చెప్పిన సంగతి ఇదే. ఒప్పందం స్వేచ్ఛ పేరుతో వచ్చి అధీనతని స్థిరపరచగలదని ఆమె వివాహం, ఉద్యోగం లాంటి ఒప్పందాల్ని తీసుకుని చూపించింది. చదవలేనంత పొడుగున్న షరతుల కింద నొక్కిన ఒప్పుకోలు కూడా ఆ కోవలోదే.

ఈ విషయంలో మన దేశపు చట్టం కొంత మెరుగ్గా ఉందని చెప్పాలి. ఒప్పందంలో మధ్యవర్తిత్వం షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళే దారి మూసుకుపోదని 2018 డిసెంబర్‌లో ఎమార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్లో కొన్నవాళ్ళూ వినియోగదారులేనని స్పష్టంగా చెప్పింది. ఇల్లు గోవాలో ఉన్నా, కంపెనీ గురుగ్రామ్‌లో ఉన్నా, ఫిర్యాదు చేసే మనిషి తను ఉండే ఊళ్ళోనో పనిచేసే ఊళ్ళోనో జిల్లా కమిషన్‌కి వెళ్ళొచ్చు. 5 లక్షల రూపాయల లోపు చెల్లించిన వ్యవహారానికి రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. ఒక పక్షానికే అనుకూలంగా రాసుకున్న ఒప్పందాన్ని అన్యాయమైన ఒప్పందమని రాష్ట్ర కమిషన్ దగ్గర సవాలు చెయ్యొచ్చు. 1915 నంబరుకి ఫోను చేస్తే జాతీయ హెల్ప్‌లైన్ ఉంది. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం కంపెనీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. తను ఏకపక్షంగా రద్దు చేసినప్పుడు అలాంటి రుసుమే తనూ భరించకపోతే, మనం రద్దు చేసుకున్నందుకు మన దగ్గర రుసుము గుంజకూడదు. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడులని సమ్మతిగా లెక్కవెయ్యకూడదు. సమ్మతి గురించి ఇంత సూటిగా మాట్లాడిన వాక్యం మన చట్టాల్లో ఎక్కువ చోట్ల కనపడదు.

ధరల మోసం మీద ప్రపంచమంతా కొంత కదలిక వచ్చింది. మొదట ఒక ధర చూపించి, చివరి పేజీలో శుభ్రం చేసే ఖర్చు, సేవా రుసుము అంటూ పెంచుకుంటూ పోవడాన్ని మన కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబర్‌లో తెచ్చిన మార్గదర్శకాల్లో 13 మోసపు పద్ధతుల్లో ఒకటిగా చేర్చింది. ఒకటే గది మిగిలింది, త్వరపడండి అని అబద్ధపు తొందర పెట్టడం కూడా ఆ జాబితాలో ఉంది. ఆస్ట్రేలియాలో అమెరికా డాలర్లలో ధర చూపించి తప్పుదోవ పట్టించినందుకు 2023 డిసెంబర్‌లో అక్కడి కోర్టు ఎయిర్‌బీఎన్‌బీకి కోటీ 50 లక్షల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. అమెరికాలో మొత్తం ధర ముందే చూపించాలన్న నియమం స్వల్పకాలపు బసలకి 2025 మే నుంచి అమల్లోకి వచ్చింది.

ఇవన్నీ కావలసినవే. కానీ ఇవన్నీ డబ్బు చుట్టూ తిరుగుతున్నాయి. రెండు వేలు ఎక్కువ తీసుకుంటే చట్టం దగ్గర పేరు ఉంది. రాత్రంతా తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని మేలుకుంటే దానికేం పేరు ఉంది? సేవలో లోపం అంటారు. మానసిక వేదనకి పరిహారం అడగొచ్చు. అయినా భయాన్ని లోపం అనే మాటలో ఇరికించడం, పగిలిన కప్పుకీ పగిలిన నమ్మకానికీ ఒకే ఫారం నింపమనడమే.

ఇక రక్షణ అనే మాట దగ్గరికి వద్దాం. వినియోగదారుల రక్షణ అంటాం, స్త్రీల రక్షణ అంటాం. మాట ఒకటే, అర్థాలు ఎదురెదురు. మొదటి రక్షణ బలహీనపక్షం చేతికి ఒక ప్రశ్న ఇస్తుంది. ధర ఎందుకు పెరిగింది, గది ఎందుకివ్వలేదు అని అడిగే హక్కు ఇస్తుంది. రెండో రక్షణ చాలాసార్లు ఆ మనిషినే ప్రశ్నిస్తుంది. ఎక్కడికెళ్తున్నావు, ఎవరితో వెళ్తున్నావు, ఎప్పుడొస్తావు? తండ్రి, భర్త, కొడుకు వంతులవారీగా కాపాడాలన్న మనుస్మృతి నుంచి వచ్చిన రక్షణ ఇది.

రెండేళ్ళ కిందట విశాఖపట్నంలో మూడు రోజుల సాహిత్య సభకి నలుగురం కలిసి ఒక ఇంటి పై వాటా బుక్ చేసుకున్నాం. అందరం యాభై దాటినవాళ్ళమే. డబ్బు మొత్తం ముందే కట్టాం. కింద వాటాలో యజమాని కుటుంబం. లోపలికి అడుగుపెట్టగానే ఆయన మొదటి ప్రశ్న, "మీతో జెంట్స్ ఎవరూ రాలేదా మేడమ్?" అని. లేరన్నాం. ఆధార్ కార్డులు నలుగురివీ ఫోన్లో ఫోటోలు తీసుకున్నాడు. రాత్రి తొమ్మిదింటికి గేటుకి తాళం వేస్తాననీ, తాళం తన దగ్గరే ఉంటుందనీ చెప్పాడు. ప్రకటనలో ఈ ముక్క ఎక్కడా లేదు. సభలు పదింటిదాకా ఉంటాయన్నాం. "మీ సేఫ్టీ కోసమే కదండీ. మా ఇంట్లో ఆడపిల్లల్ని ఎలా చూసుకుంటామో మిమ్మల్నీ అలాగే చూసుకుంటాం" అన్నాడు. మెట్ల మీద కెమెరా సూటిగా మా తలుపు కేసి చూస్తోంది. కంపెనీకి ఫోను చేస్తే ఇంటి నియమాలు యజమాని ఇష్టమనీ, మరోసారి బుక్ చేసుకుంటే తగ్గింపు కూపన్ ఇస్తామనీ అన్నారు.

ఆ మాట గురించి నేను చాలా ఆలోచించాను. ఆడపిల్లల్లా చూసుకుంటాం. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే అలా చూసుకున్నాడు. ఆడపిల్లలు తాళంచెవి అడగరు. ఎందుకు కెమెరా అనరు. మేం అడిగాం, ఎందుకంటే మా దగ్గర రసీదు ఉంది. మార్కెట్‌ని జీవితమంతా విమర్శించిన నలుగురు స్త్రీలకి ఆ రాత్రి కూతురుగా ఉండడం కంటే వినియోగదారుగా ఉండడమే ఎక్కువ గౌరవంగా అనిపించింది. బంధుత్వంలో దొరకని హక్కు కొనుగోలులో దొరికింది. ఇది సంతోషించాల్సిన విషయమా, సిగ్గుపడాల్సిన విషయమా?

మర్నాడు పొద్దున కాఫీ తెచ్చింది ఆయన భార్య. దుప్పట్లు ఉతికేది, బాత్రూము కడిగేది, ఇడ్లీ పెట్టేది ఆమే. ప్రకటనలో పేరూ ఫోటో ఆయనవి. కప్పులు తీసుకెళ్తూ నెమ్మదిగా అంది, "అమ్మా, రివ్యూలో టిఫిను గురించీ క్లీనింగ్ గురించీ ఏమైనా ఉంటే రాయకండి, ఆయన నన్నంటారు." టిఫిను బాగానే ఉంది, ఇల్లు అద్దంలా ఉంది. మేం గేటు గురించీ కెమెరా గురించీ రాశాం, ఆమె వంట గురించి మంచిమాట రాశాం. కానీ ఆమె భయం నాకు ఈ వ్యాపారపు నిర్మాణాన్ని చూపించింది. నక్షత్రాలు తగ్గితే కంపెనీ యజమానిని నిలదీస్తుంది, యజమాని భార్యని నిలదీస్తాడు. వినియోగదారురాలి హక్కు కిందకి దిగుతూ దిగుతూ ఇంకొక స్త్రీ నెత్తిన పడుతుంది. గిబియా గడప గుర్తొస్తుంది.

మా అనుభవం చిన్నది. చిన్న వయసు స్త్రీలకి తలుపే తెరుచుకోదు. 2017 జూన్‌లో హైదరాబాద్ ఎర్రగడ్డలో ఒక హోటల్, ముందే ఆన్‌లైన్లో బుక్ చేసుకుని వచ్చిన ఒక కళాకారిణికి ఒంటరి స్త్రీ అన్న కారణంతో గది ఇవ్వలేదు. 2019 జూన్‌లో కోయంబత్తూరులో ఆన్‌లైన్ బుకింగుల మీద నడిచే ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌ని, పెళ్ళికాని జంట ఉన్నారనీ మరో గదిలో మద్యం సీసాలున్నాయనీ అధికారులు సీలు వేశారు. పెళ్ళికాని స్త్రీపురుషులు అతిథులుగా ఒకే గదిలో ఉండకూడదన్న చట్టమేదీ లేదని ఆ ఏడాది డిసెంబర్‌లో మద్రాసు హైకోర్టు చెప్పి, రెండు రోజుల్లో సీలు తీయమంది. అయినా 2025 జనవరిలో ఓయో కంపెనీ మీరట్‌లో తన భాగస్వామి హోటళ్ళు పెళ్ళికాని జంటలకి గది నిరాకరించవచ్చని, సంబంధానికి రుజువు అడగవచ్చని నియమం మార్చింది. చట్టం లేదు, కానీ నియమం ఉంది. కోర్టు కాదన్న నీతిని కంపెనీ షరతుల్లో రాసుకుంది.

గుర్తింపు కార్డుల సంగతీ ఇలాగే ఉంది. 2022 మే 27న ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం, హోటళ్ళ లాంటి అనుమతి లేని ప్రైవేటు సంస్థలకి ఆధార్ నకళ్ళు ఇవ్వొద్దని హెచ్చరించింది. రెండు రోజుల్లో కేంద్రం దాన్ని వెనక్కి తీసుకుంది. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనపడే ఆధార్ వాడుకునే సదుపాయం మాత్రం ఉంది. తన ఇంటి అడ్రసు పరాయి మగవాడి ఫోన్లో మిగిలిపోవడం అంటే ఏమిటో ఏ ఆడపిల్లకీ వివరించక్కర్లేదు. ఇక స్నానాల గదిలో, పడకగదిలో రహస్యంగా చిత్రీకరించడం నేరం. 2013లో శిక్షాస్మృతిలో చేరిన ఈ నేరం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. మొదటిసారికి 1 నుంచి 3 ఏళ్ళ జైలు.

ఇక్కడ ఒక ఎదురువాదన వస్తుంది, దాన్ని తోసెయ్యలేం. ఇది హోటల్ కాదు, నా ఇల్లు. నా ఇంట్లోకి ఎవర్ని రానివ్వాలో నా ఇష్టం కాదా? ఒంటరిగా ఉండే స్త్రీ తన ఇంట్లో ఒక గది అద్దెకిస్తూ స్త్రీలకి మాత్రమే ఇస్తానంటే నేను ఆమె పక్షాన ఉంటాను. పూటకూళ్ళమ్మ పక్షాన ఉన్నట్టే. 2016 నవంబర్‌లో గుజరాత్‌లో సేవా సంఘం ఎయిర్‌బీఎన్‌బీతో కలిసి గ్రామీణ స్త్రీల ఇళ్ళని అతిథులకి తెరిచినప్పుడు, ఆ ఇల్లాళ్ళకి తమ పేరు మీద సంపాదన వచ్చే దారి ఒకటి ఏర్పడింది. ఇల్లిచ్చే స్త్రీకీ భయం ఉంటుంది, ఆమెకీ రక్షణ కావాలి.

కానీ ఇది నా ఇల్లు, బయటివాళ్ళ చట్టం ఇక్కడ చెల్లదు అన్న వాదన స్త్రీలకి బాగా తెలిసిన వాదన. 2006 అక్టోబర్‌లో గృహహింస చట్టం అమల్లోకి వచ్చేదాకా అది మన చెంపల మీద పడుతూనే ఉంది. చెల్లింపు తీసుకుంటూ, అందరికీ కనపడేలా ప్రకటన ఇచ్చిన ఇల్లు ఇంకా సొంత ఇల్లేనా? రాజ్యాంగం 15(2) అధికరణం దుకాణాల్లో, హోటళ్ళలో మతం, కులం, లింగం కారణంగా ఎవర్నీ అడ్డుకోకూడదంది. 2011లో సుప్రీంకోర్టు అందులో దుకాణం అన్న మాటకి విస్తృతమైన అర్థం చెప్పింది. పేరు చూసి తలుపు వేయడం ఊహ కాదు. అమెరికాలో ఐదు నగరాల్లో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఎడెల్‌మన్, లూకా, స్వెర్‌స్కీ అనే పరిశోధకులు ఒకేలాంటి ప్రొఫైళ్ళకి పేర్లు మాత్రం మార్చి పంపారు. నల్లజాతి పేరున్న అతిథులకి ఒప్పుకోలు 16 శాతం తక్కువగా వచ్చింది. మన దగ్గర ముస్లిం పేరుతో, ఇంటిపేరుతో కులం తెలిసే పేరుతో ఇల్లు వెతుక్కున్నవాళ్ళకి ఈ అంకె ఆశ్చర్యం కలిగించదు.

కంపెనీలు ఈ అయోమయంలోనే బతుకుతున్నాయి. అమ్మేటప్పుడు ఇది ఇల్లు, హోటల్లో దొరకని వెచ్చదనం ఉంది అంటాయి. నిరాకరించేటప్పుడు ఇల్లు కాబట్టి యజమాని ఇష్టం అంటాయి. కేసు వచ్చినప్పుడు మేం ప్రకటనల గోడ మాత్రమే అంటాయి. 2000 నాటి ఐటీ చట్టం 79వ సెక్షన్ మధ్యవర్తులకి ఇచ్చే మినహాయింపు వెనక నిలబడతాయి. నమ్మకాన్ని అమ్మి లాభం తీసుకున్నవాళ్ళు, ఆ నమ్మకం విరిగినప్పుడు మేం మధ్యలో ఉన్నాం అంతే అనడం బేయర్ చెప్పిన అర్థంలో ద్రోహమే. మనం హాని చేయగల స్థానంలో ఉంచింది ముక్కూ మొహం తెలియని యజమానిని కాదు, ఆయన్ని పరిశీలించామని చెప్పిన కంపెనీని.

చట్టాలు కూడా ఒక్కోసారి ఒక గాయానికి మందేస్తూ ఇంకో చోట గీరతాయి. న్యూయార్క్ నగరం 2023 సెప్టెంబర్ నుంచి, అద్దె ఇళ్ళు కరువవుతున్నాయని, 30 రోజుల లోపు బసలని కట్టడి చేసింది. యజమాని ఆ ఇంట్లోనే ఉండాలి, ఇద్దరికి మించి అతిథులుండకూడదు, లోపలి గదులకి తాళాలు వేసుకుని విడిపోకూడదు. ఇళ్ళ కరువు నిజం. ఆ నియమం పెట్టినవాళ్ళు పరాయి ఇంట్లో లోపలినుంచి తాళం వేసుకోలేని గదిలో పడుకున్న స్త్రీని ఊహించుకున్నారా అన్నది నా సందేహం.

కాబట్టి మనం అడగాల్సింది ఏమిటి? లోపలినుంచి వేసుకునే తాళం, దాని చెవులు ఎన్ని, ఎవరి దగ్గర ఉన్నాయో ముందే రాసి ఉండాలి. గేటు వేళలు, కెమెరాలు, ఒంటరి స్త్రీల గురించి యజమాని నియమాలు డబ్బు కట్టకముందే కనపడాలి, తర్వాత చెప్పిన నియమం చెల్లకూడదు. హింస గురించిన ఫిర్యాదుని కూపన్‌తోనో మౌనపు ఒప్పందంతోనో మూసే వీలుండకూడదు. అమెరికాలో 2022 మార్చిలో వచ్చిన చట్టం లైంగిక దాడి, లైంగిక వేధింపు కేసుల్లో బలవంతపు మధ్యవర్తిత్వాన్ని తీసేసింది. రివ్యూలు ఇంటి పని చేసే మనిషి మీద కాకుండా నిర్ణయాలు తీసుకునే మనిషి మీద పడేలా ఉండాలి. ఇవన్నీ సాధ్యమే. కమిషన్‌లో ఫిర్యాదులు పడుతూ ఉంటే, వాటి గురించి మనం రాస్తూ ఉంటే సాధ్యమవుతాయి.

అయినా ఒక మాట మిగిలే ఉంటుంది. ఆ ఇంట్లో మా నలుగురికీ రసీదు ఉంది. కాఫీ తెచ్చిన ఆమెకి లేదు. ఆ గేటు తాళంచెవి ఆమె చేతిలో కూడా లేదు. డబ్బు కట్టినందుకు వచ్చే హక్కుని నేను వదులుకోను, పోరాడి మరీ తీసుకుంటాను. కానీ మనిషి సురక్షితంగా నిద్రపోవడానికి రసీదు చూపించాల్సిన లోకంలో, ఆ హక్కు గురించి మాట్లాడిన ప్రతిసారీ ఏ రసీదూ లేకుండా అదే కప్పు కింద ఏళ్ళ తరబడి పడుకుంటున్న ఆమెకి ఎవరు ఏం బాకీ ఉన్నారని కూడా అడగాలి. వినియోగదారుల చట్టం ఆ బాకీని లెక్కించలేదు. ఆ లెక్క మనమే రాయాలి.